వాగ్దానపు కార్డు వెనుక ఉన్న ఉత్తరం

సీతారామపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉండి చదువుతున్నవాళ్ళకూ, హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో, కువైట్‌లో డ్యూటీ దిగాక గదిలో కూర్చొని ఫోనులో చదువుకుంటున్న మన బిడ్డలకూ ఈ ఉత్తరం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మన సంఘాల్లో ఎట్లా జరుగుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. పన్నెండు దాటే సమయానికి మోకాళ్ళ మీద ఉంటాం. లేచి ఒకరికొకరు చేతులిచ్చుకుంటాం. ఆ తర్వాత వాగ్దానపు కార్డుల పళ్ళెం వస్తుంది. ప్రార్థించుకొని, కళ్ళు మూసుకొని ఒకటి తీస్తాం. కొందరి ముఖం అక్కడే వెలిగిపోతుంది. కొందరు పక్కవాళ్ళ కార్డు తొంగి చూసి, అదే బాగుందే అనుకుంటారు. ఇంటికి పోయాక అది బీరువా అద్దానికో, ఆటో ముందు అద్దానికో, బైబిలు అట్టలోపలో చేరుతుంది. ఈ అలవాటును మేము తప్పుపట్టం. వాక్యం ఏ రూపంలోనైనా ఇంట్లో కళ్ళ ఎదుట ఉండడం మంచిదే.

ఆ కట్టల్లో దాదాపు ఎప్పుడూ ఉండే వచనం ఒకటుంది, యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తన జనం గురించి ఏమి తలపోస్తున్నాడో ఆయనకు తెలుసుననీ, అది వారి మేలుకే గాని కీడుకు కాదనీ, ముందు దినాలకు నిరీక్షణ ఉందనీ దాని భావం. చాలామందికి కంఠస్థం. కానీ కార్డు చిన్నది, దాని మీద ఒక వచనమే పడుతుంది. ఆ వచనానికి ముందు అదే అధ్యాయంలో పది వచనాలున్నాయి. వాటిని కార్డు మీద అచ్చువేసినవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు. వేస్తే పళ్ళెంలోనుండి ఎవరూ తీసుకోరేమో కూడా!

ఆ పది వచనాల సంగతే ఈసారి మీతో మాట్లాడాలనుకుంటున్నాం.

29వ అధ్యాయం నిజానికి ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి యెకొన్యా రాజును, అతని తల్లిని, అధిపతులను, వడ్రంగులను, కంసాలులను పట్టుకొనిపోయాడు. పనితనం ఉన్నవాళ్ళను ఏరి తీసుకుపోయాడన్నమాట. ఊళ్ళో మిగిలినవాళ్ళకు యిర్మీయా ప్రవక్త ఉన్నాడు, దేవాలయం ఉంది. పోయినవాళ్ళకు ఏముంది? భాష రాదు, దేవాలయం లేదు, పండుగ లేదు. తర్వాతి కాలంలో ఎజ్రా బబులోను నుండి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టిందని అతని గ్రంథంలోనే ఉంది. దాన్నిబట్టి దూరం ఊహించుకోండి. అంత దూరంలో ఉన్నవాళ్ళకు యిర్మీయా ఉత్తరం రాసి, రాజు పని మీద బబులోనుకు పోతున్న ఎలాశా, గెమర్యా అనే ఇద్దరి చేతికిచ్చి పంపాడు.

ఆ ఉత్తరంలో మొదటి మాటలేమిటి? త్వరలో వచ్చేస్తారని కాదు. ఇళ్ళు కట్టుకోండి, వాటిలో కాపురముండండి. తోటలు నాటి, వాటి ఫలాలు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లలను కనండి, మీ పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి. మిమ్మల్ని పట్టుకొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఇదంతా చెప్పి, పదో వచనంలో గడువు చెప్పాడు. డెబ్బై ఏళ్ళు. ఆ తర్వాతే మన కార్డు మీది పదకొండో వచనం.

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే విన్న నలభై ఏళ్ళ మనిషికి తాను మళ్ళీ సొంత ఊరు చూడనని అర్థమైపోయి ఉంటుంది. మరి అతనికి అది మేలైన వాగ్దానమేనా?

దీనికి ముందు అధ్యాయం కూడా చదవండి. అక్కడ హనన్యా అని గిబియోను వాడు, అతడూ ప్రవక్తనని చెప్పుకొనేవాడే, దేవాలయంలో జనమంతా వింటుండగా లేచి చెప్పాడు. రెండేళ్ళలో అంతా తిరిగి వస్తుంది, పోయినవాళ్ళందరూ వచ్చేస్తారు అని. యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. జనానికి ఎంత నచ్చి ఉంటుందో! హనన్యా ఐదో నెలలో ఆ మాట చెప్పాడు, ఏడో నెలలో చనిపోయాడు. తాను చెప్పిన రెండేళ్ళు అతడు చూడలేదు.

హనన్యాలు ఇప్పుడూ ఉన్నారు. మన ప్రాంతానికి మీటింగులకు వచ్చి, ఈ రుమాలు తీసుకుపోతే మూడు నెలల్లో వీసా వస్తుంది, ఈ నూనె బోరు గట్టున పోస్తే నీళ్ళు పడతాయి అని చెప్పిపోయేవాళ్ళను మీరూ చూశారు. వాళ్ళ పేర్లు మేము ఎత్తం. ఒక మాట మాత్రం అంటాం. గడువు పెట్టి చెప్పే మాట వినడానికి హాయిగా ఉంటుంది. గడువు దాటిన రోజున అది విరిగేది విన్నవాడి గుండెలోనే. చెప్పినవాడు అప్పటికి ఇంకో ఊరి మీటింగులో ఉంటాడు.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. పడమట వెలిగొండలు, అవతల కడప జిల్లా. నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్ళు పెన్న కాలువలు, వరిచేలు, సముద్రం, రొయ్యల గుంటలు అనుకుంటారు. ఉదయగిరి వైపు వచ్చి చూస్తే మనది వానను నమ్ముకున్న మెట్ట. ఆత్మకూరు దగ్గర సోమశిల డ్యాం ఉంది గాని, ఆ నీళ్ళు మన గడప దాకా ఎక్కిరావు. వాన లేకపోతే బోరు, బోరు ఎండితే బండి. బండి ఎక్కినవాళ్ళు ఏ ఊళ్ళలో దిగారో ఈ ఉత్తరం మొదట్లోనే రాశాం. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, చిన్నపిల్లలూ ఎక్కువ. పాటకు గొంతు కలిపే మగపిల్లలు సెలవులకు వచ్చినప్పుడే కనబడతారు. క్రిస్మసుకు చాపలు చాలవు, ఫిబ్రవరికి సగం చాపలు చుట్టి గోడకు ఆనించి ఉంటాయి.

అట్లా పోయినవాళ్ళలో ఒకరి తల్లి మన సంఘంలో ఉంది. కొడుకు కువైట్‌కు ఇంటి డ్రైవరు వీసా మీద పోయాడు. ఒప్పందం రెండేళ్ళు. వీసాకు చేసిన అప్పు తీరేసరికే ఏడాదిన్నర అయింది. తర్వాత చెల్లెలి పెళ్ళి వచ్చింది, ఆ తర్వాత ఇంటి స్లాబు. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. ఒక నూతన సంవత్సరపు రాత్రి ఆమెకు ఈ పదకొండో వచనం కార్డే వచ్చింది. అది పట్టుకొని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. "కార్డులో మేలని వచ్చినాది గదయ్యగారూ, మరి వాడెందుకు రాలా? దేవుడు నాతో అబద్ధమాడినాడా?" అని అడిగింది.

ఇట్లాంటి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ఓపిక పట్టమ్మా, దేవుని సమయం వేరు అనడం చాలా తేలిక. ఆమె ఐదేళ్ళుగా పడుతున్నది ఓపికే కదా. మేము టీ పెట్టి ఇచ్చి, దీపం దగ్గర కూర్చొని, 29వ అధ్యాయం మొదటి నుండి నిదానంగా చదివాం. ఆమెకు చదువు రాదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి అన్నచోట ఆపించి మళ్ళీ చదవమంది. డెబ్బై ఏళ్ళు అన్నచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్న మాట మేము రాసిపెట్టుకున్నాం: "అయితే ఉత్తరం ఈడుండే వాళ్ళకి రాయలా. ఆడుండే వాళ్ళకి రాసినాడు."

చదువు లేని ఆ తల్లి పట్టుకున్నది ఆ అధ్యాయానికి ప్రాణం లాంటి సంగతి. బబులోనులో ఉన్నవాళ్ళు ఏమనుకొని ఉంటారు? దేవుడు యెరూషలేములో ఉన్నాడు, మనం ఆయనకు దూరమైపోయాం, తిరిగి పోయేదాకా మనకు బతుకు లేదు అనుకొని ఉంటారు. ఆయన వాళ్ళ అడ్రసుకే ఉత్తరం పంపాడు. మీరు తిరిగొచ్చాక మిమ్మల్ని దీవిస్తానని కాదు, మీరున్నచోట తోట నాటండి, అది కాస్తుంది అని. వెనక్కి రావడం డెబ్బై ఏళ్ళ తర్వాత. కాపు మాత్రం ఇప్పుడే.

ఆ రాత్రే ఆమె మనవడి చేత ఆ అధ్యాయమంతా చదివించి, కొడుకుకు వాయిస్ మెసేజి పెట్టించింది. అతడు మర్నాడు తిరిగి ఏమీ అనలేదంట. నాలుగు రోజులకు ఒక ఫోటో పంపాడు. పాలపొడి డబ్బాలో మట్టి పోసి, గుచ్చిన పుదీనా కాడలు. ఇప్పుడు శుక్రవారాలు గుడికి పోతున్నాడు. కువైట్‌లో శుక్రవారమే సెలవు గనుక చాలా సంఘాలు ఆ రోజే కూడుకుంటాయి. కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధిస్తాయి, వాటిలో మన తెలుగూ ఉంది. ఐదేళ్ళు అదే ఊళ్ళో ఉండి, ఎట్లాగూ పోయేవాణ్ణే కదా అని అతడు ఆ గేటు దాటలేదు. ఇంకా ఇంటికి రాలేదు. ఎప్పుడొస్తాడో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

పోయినవాళ్ళ వెనక ఉత్తరాలు పోవడం, వాళ్ళ దగ్గర నుండి ఉత్తరాలు రావడం మన తెలుగు సంఘాలకు కొత్త కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి, ఐదేళ్ళ ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నాటాలుకు చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో పనికి పోయినవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. వాళ్ళలో బాప్టిస్టు విశ్వాసులున్నారు. తమకు ఒక కాపరి కావాలని అక్కడినుండి ఉత్తరాలు రాశారు. అప్పుడు ఇక్కడి తెలుగు బాప్టిస్టులు, తమ సొంత హోం మిషన్ సొసైటీ ద్వారా, నెల్లూరులో పనిచేస్తున్న జాన్ రంగయ్యగారిని కుటుంబంతో సహా 1903లో నాటాలుకు పంపారు. ఆ ఏడాదే కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం కట్టబడింది. తెల్లదొరలు ఇక్కడికి మిషనరీలుగా వచ్చిన సంగతి అందరూ చెబుతారు. నెల్లూరు నుండి మిషనరీ సముద్రం దాటి పోయిన సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. చెప్పండి.

ఆ నెల్లూరు సంఘం మాత్రం సుఖంగా పుట్టిందా? అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డేగారు 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఇంత ఖర్చుపెట్టి ఏమి లాభం, ఆ మిషనును ఎత్తేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, పలుమార్లు ఆలోచించారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలోనూ ఇదే చర్చ. పటంలో ఆ దేశాల మీదుగా చూస్తే తెలుగు దేశంలో ఆ మిషనుకు ఉన్నది నెల్లూరు ఒక్కటే, ఒంటరి నక్షత్రంలాగా. ఆ పేరు మీదనే శామ్యూల్ స్మిత్‌గారు ఒక గీతం రాశారు, అప్పటినుండి దానికి లోన్ స్టార్ మిషన్ అన్న పేరు నిలిచింది. అది 1853 సంగతి.

అక్కడ అంత చర్చ జరిగిన తర్వాత నెలల్లోనే, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. జూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. వాళ్ళ చేతిలో వాగ్దానపు కార్డు లేదు. ఒంగోలుకు ఒక పనివాణ్ణి పంపమని అడిగి దిగి వచ్చారు. ఆ పనివాడు, క్లౌ దొరగారు, ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్ళు! ఆ పన్నెండు నూతన సంవత్సరాల్లో ఆ ఐదుగురు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు, మనలో చాలామంది ఎక్కి చూసినవాళ్ళే.

క్లౌగారి కాలంలో వచ్చిన కరువు, 1876 నుండి 78 దాకా వచ్చిన ఆ పెద్ద కరువు గురించి మా తాతల నాటి ముసలివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆయన మిషనరీ కాకముందు సర్వే పని తెలిసిన మనిషి. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి తవ్వకం, పని ఆపినప్పుడు కూర్చొని నాలుగు మంచి మాటలు. ఇంట్లో సగంమందిని పోగొట్టుకొని వచ్చిన ఆ కూలీలకు బోధకులు పదేపదే చెప్పింది, భారం మోసి అలసిన వారిని తన దగ్గరకు రమ్మని, విశ్రాంతి ఇస్తానని యేసు పిలిచిన మాటే. తల మీద మట్టి గంప ఉన్నవాడికి ఆ వాక్యానికి వ్యాఖ్యానం కావాలా?

మాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. కరువున్నంతకాలం, ఏడాదికి పైగా, క్లౌగారు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్ళు వందల్లో ఉన్నా ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదనీ, వచ్చేవాళ్ళు తమ మనసు తాము తెలుసుకోవాలనీ ఆగాడు. కూలి పనులు ముగిసి, ఇక సాయం లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అంకెకు ముందున్న ఆ ఆగడం గురించి మాట్లాడం. అవసరం తీరడానికి దేవుని దగ్గరకు రావడం ఒకటి, అవసరం తీరినా తీరకపోయినా ఆయన దగ్గర ఉండిపోవడం ఒకటి.

దీనికి బైబిల్లో చక్కని బొమ్మ ఉంది. 131వ కీర్తన, మూడే వచనాలు. దావీదు తన ప్రాణాన్ని నెమ్మదిపరచుకున్నానని చెబుతూ, పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నానంటాడు. పాలు తాగే బిడ్డ అనలేదు, గమనించండి. మన ఇళ్ళల్లో పాలు ఎట్లా మాన్పిస్తారో తల్లులకు తెలుసు. వేపాకు నూరి రాస్తారు. బిడ్డ నోరు పెట్టి, చేదు తగిలి, తల్లి ముఖం వంక చూస్తాడు. ఈమె మా అమ్మేనా అన్నట్టు. రెండు మూడు రాత్రులు ఇల్లంతా నిద్రపోదు. వాడు తల్లిని కొడతాడు, రక్కుతాడు, నాయనమ్మ దగ్గరకు పోతాడు, మళ్ళీ వస్తాడు. తల్లికి మాత్రం సంతోషమా? పక్కకు తిరిగి ఏడుస్తుంది. కొన్నాళ్ళకు వాడు ఆమె ఒడిలోకే వచ్చి పడుకుంటాడు. పాల కోసం చెయ్యి పెట్టడు. ఊరికే ఆమె ఉందని వచ్చి పడుకుంటాడు.

దావీదు చెప్పిన నెమ్మది అది. పాలు తాగి నిద్రపోయే బిడ్డ నెమ్మది అందరికీ తెలుసు, పంట చేతికొచ్చిన ఏడాది మనకుండే నెమ్మది అటువంటిది. వేపాకు చేదు తగిలాక, ఏడ్చాక, వచ్చేది వేరే.

ఇది రాస్తుంటే మన దగ్గరి ఒక రైతు గుర్తొస్తున్నాడు. బత్తాయి తోట వేశాడు. కాపుకొచ్చిన చెట్లు. బోరు ఎండింది. ఇంకో రెండు వేశాడు, రెండింటిలో దుమ్మే వచ్చింది. ట్యాంకరుతో కొన్నాళ్ళు పోసి, చేతులెత్తేసి, చివరకు చెట్లు నరికించాడు. నరికే రోజున మమ్మల్ని రమ్మని కబురు పెట్టాడు. ప్రార్థన చేసి చెట్లను బతికించమని కాదు. "నాకు బలముండాల్సింది ఈ రోజు, వచ్చి నా పక్కన నిలబడండయ్యా" అన్నాడు. నిలబడ్డాం. రంపం ఆడుతున్నంతసేపూ ఆయన ఒక్కో చెట్టునూ ఏ ఏడు ఎంత కాసిందో చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టమన్నాడు. స్తుతి పాట పాడబోతే గొంతు పెగల్లేదు, భార్య అందుకొని పాడింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆయన గుడికి వచ్చి గోడకానుకొని కూర్చొని, ఏమీ మాట్లాడకుండా పోయేవాడు. మేము ఏమీ అడగలేదు. ఒక రోజు లేచి, ప్రార్థన చేస్తానన్నాడు. రెండు మాటలే. ఉన్నావుగా తండ్రీ, చాలు అన్నాడు. ఇప్పుడు ఆ చేలో కందులు వేస్తున్నాడు, వానకు ఎంత పండితే అంత. అప్పు ఇంకా ఉంది.

ఆయనది నిరాశ అని కొందరన్నారు. మేము ఒప్పుకోం. నిరాశపడినవాడు కంది విత్తనాలు కొనడు.

మొన్న ఆదివారపు బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. బడిలో టీచరు ప్రశ్నలకు సమాధానాలు రాయమంటుంది, గుడిలో మీరు సమాధానం కలుగును గాక అంటారు, రెండూ ఒకటేనా అని. మేము నవ్వాం గాని, మంచి ప్రశ్నే అది. మన భాషలో ఒకే మాట రెండు పనులు చేస్తోంది. బయట సమాధానం అంటే జవాబు. మన బైబిల్లో అది నెమ్మదికి, శాంతికి వాడిన మాట. పౌలు చెరసాలలో సంకెళ్ళతో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు, దేని గురించీ కలతపడక అన్నీ దేవునికి తెలియజేయమన్నాడు. అట్లా చేస్తే జవాబులన్నీ వస్తాయని మాత్రం రాయలేదు. బుద్ధికి అందని దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందన్నాడు. గ్రీకులో అక్కడ వాడిన మాట సైనికులు కోటను కావలి కాయడానికి వాడేది. ఉదయగిరి కోట తెలిసిన మనకు అది బాగా అర్థమవుతుంది. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో వచ్చి ఆ కొండ కింద కూర్చుంటే, కోట చేజిక్కడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది. లోపల కావలి ఉన్నంతకాలం బయట ఎంత సేన ఉన్నా కోట కోటే. ఆ కోట కూడా చివరకు పడిపోయింది, నిజమే. పౌలు చెప్పిన కావలి మనిషిది కాదు గనుక అక్కడ పోలిక ఆపేద్దాం.

ఇంతకూ ఈ నెమ్మది ఎట్లా వస్తుందని అడుగుతారు. మాకు కిటుకులు తెలియవు. దానియేలు చేసింది మాత్రం చూపిస్తాం. రాజు తప్ప మరెవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చిందని తెలిసి, అతడు ఇంటికి పోయి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, రోజుకు మూడుసార్లు మోకాళ్ళూని ప్రార్థించాడు. అంతకుముందు ఎట్లా చేసేవాడో అట్లాగే చేశాడని బైబిల్లో ఉంది. ఆ రోజు కొత్తగా మొదలుపెట్టలేదు. రాజులు మారారు, రాజ్యమే మారింది, అతని తలవెంట్రుకలు నెరిశాయి. కిటికీ, మోకాలు, మూడు వేళలు మారలేదు. యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్ళ లెక్కను చదివి గ్రహించింది కూడా ఈ దానియేలే, బబులోనులో ఉండి, ముసలితనంలో. చిన్నవాడుగా పట్టుబడి పోయినవాడు. తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు.

సింహాల గుహలో అతనికి దేవుడు ఎట్లా తోడున్నాడో పిల్లలకు చెబుతాం. గుహకు ముందు ఆ మోకాళ్ళకున్న అలవాటు పెద్దలకు చెప్పాలి.

2020లో మన తలుపులు మూసినప్పుడు ఇది కొంత అనుభవానికొచ్చింది. ఏప్రిల్ 12న ఈస్టరు. సమాధుల దగ్గర తెల్లవారుజామున పాట లేదు, కూడిక లేదు. సాయంత్రం దీపం వేళకు ఇంట్లో చాప వేసి కూర్చొని పాట, వాక్యం, ప్రార్థన చేసుకునే అలవాటున్న ఇళ్ళల్లో ఆ ఆదివారం కూడా ఆరాధన జరిగింది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పుస్తకం లేకుండా పాడగల ముసలమ్మలు ఆ రోజు ఇంటికొక పాస్టరు. ఆ అలవాటు లేని ఇళ్ళు ఫోనులో సిగ్నలు వెతుక్కున్నాయి. తప్పని కాదు, సిగ్నలు మన కొండల్లో ఎట్లా ఉంటుందో మీకు తెలుసు కదా.

అందుకని దూరాన ఉన్న మన బిడ్డలతో ఒక మాట. గదిలో నలుగురున్నా, డ్యూటీ ఏ వేళకు దిగినా, ఒక పది నిమిషాలు మీ కిటికీ తెరవండి. మీరున్న ఊరి కోసం, మీ సేఠు కోసం, మీ మేడం కోసం, మీ కంపెనీ కోసం కూడా ప్రార్థించండి. కష్టంగా ఉంటుంది, తెలుసు. యిర్మీయా బబులోను కోసమే ప్రార్థించమన్నాడు. జీతం ఆపితే, పాస్‌పోర్టు ఇవ్వకపోతే, ప్రార్థనతో పాటు మన రాయబార కార్యాలయానికి ఫిర్యాదు కూడా చేయండి. నెమ్మది అంటే నోరు మూసుకోవడం కాదు. బీపీ, షుగరు మాత్రలు వాడుతున్న ఇక్కడి పెద్దవాళ్ళు కూడా వినండి. ప్రార్థన చేశామని మాత్రలు ఆపవద్దు.

ఈ నెల ఉపవాస ప్రార్థన ఎప్పటిలాగే శుక్రవారం ఉదయం పదింటికి. ఈసారి సందేశం లేదు, యిర్మీయా 28, 29 అధ్యాయాలు మొదటినుండి చివరిదాకా నిదానంగా చదువుతాం, మధ్యలో పాటలుంటాయి. దూరాన ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళున్న ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదివి ప్రార్థిస్తాం. మీ పేరు, ఊరు గురువారం రాత్రిలోపు పంపండి. ఊరి పేరు మరవద్దు, ఆ ఊరి కోసం కూడా ప్రార్థించాలి. వచ్చేవాళ్ళు ఎండ ఎక్కకముందే రండి, ముసలివాళ్ళను చెయ్యి పట్టుకొని తీసుకురండి.

సమాధానకర్తయగు దేవుడు మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.